ఎర్ర కన్ను అడిగిన బేరం

గురువారం సంతలో ఆ పాత వీడియో గేమ్ క్యాసెట్ కనబడగానే చటుక్కున చేతిలోకి తీసుకున్నాను. చిన్నప్పుడు టీవీలో వచ్చిన అంతరిక్ష సీరియల్ మీద చేసిన ఆట అది. స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగిన నేను గుడి ముందు కొబ్బరికాయకు కూడా బేరం ఆడే రకం. ఆ రోజు మాత్రం అడిగినంతా ఇచ్చేశాను. నాకు ఒంట్లో బాగాలేదేమోనని అమ్మేవాడికే అనుమానం వచ్చింది.

"ఏంది సేఠ్, తబియత్ ఖరాబైందా? జర తగ్గియ్యమనవా?"

"నువ్వు గిట్ల భయపెడితే వాపస్ ఇచ్చేస్త భాయ్," అన్నాను. నవ్వు మాత్రం రాలేదు.

భయమంతా అక్క గురించి. పక్షవాతంతో ఆమెకు మాట పడిపోయింది. సంతోష్‌నగర్‌లోని ఇంట్లో కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుంది. మనుషుల్ని పోల్చుకుంటుందో లేదో డాక్టర్లే తేల్చలేదు. బావకు ఓపిక అయిపోయింది. చాంద్రాయణగుట్ట అవతల మంచాన పడ్డవాళ్ళను చూసుకునే ఒక ఆశ్రమం మాట్లాడేశాడు; మర్నాడే తీసుకుపోవాలి. నాకు మిగిలింది చిన్నప్పుడు ఇద్దరం ఆడుకున్న ఈ ఆట ఒక్కటే. దీనికీ ఆమె కదలకపోతే బావ చెప్పిందే నిజమవుతుంది.

"నన్నే గుర్తువడ్తలేదు బామ్మర్దీ, నీ బొమ్మల్ని గుర్తువడ్తదా?" అన్నాడు బావ.

ఆట పెట్టి అక్క పక్కన కూర్చున్నాను. చీకట్లో మా ఓడ. ఎదురుగా శత్రువు ఓడ వచ్చింది. దాని మధ్యలో ఎర్ర కన్ను మెల్లగా తెరుచుకుంది. జుట్టు ఊడిన ఈ వయసులోనూ నేను అక్క వైపు జరిగాను. మీలో ఒకరిని అప్పగిస్తే మిగతావాళ్ళను వదిలేస్తానంటుంది ఆ కన్ను. అది మూసుకునేలోగా జవాబు నొక్కాలి.

"అక్కా, ఏం జేద్దాం? ఇద్దామా?"

అక్క కిటికీ వైపే చూస్తోంది.

"ఊకె ఎందుకు సతాయిస్తవ్? బంద్ జెయ్యి," అన్నాడు బావ.

కన్ను సగం మూసుకుంది. అప్పుడు నా చేతి మీద ఏదో మెత్తగా పడింది. అక్క మూతి తుడవడానికి ఒళ్ళో పెట్టిన తువ్వాలు. బాగున్న చేత్తో ఆమే లాగింది. దాని కింద ఆమె వేళ్ళు నా వేళ్ళను వెతుకుతున్నాయి.

పశువుల సంతలో బేరం అట్లాగే చేస్తారు, పక్కవాడికి తెలియకుండా, తువ్వాలు కింద వేళ్ళతో. నాన్న మాకు సరదాకు నేర్పాడు. ఎర్ర కన్ను మా మాటలు వింటుందని భయపడి, మేమూ తువ్వాలు కిందే తేల్చుకునేవాళ్ళం. చిటికెన వేలు పట్టుకుంటే సరే. బొటనవేలు వంచితే వద్దు.

అక్క నా బొటనవేలు వంచింది.

ఆట సంగతి మరిచిపోయాను. మా ఓడ పేలిపోయిన చప్పుడు వినబడింది. అక్క అన్నీ వింటోంది. అంటే ఆశ్రమం మాటలన్నీ ఆమె ఎదుటే జరిగాయి, నేనూ తలూపాను. అంతకుముందున్న భయం దీని ముందు ఏపాటిది?

అక్క వైపు తిరిగి అడిగాను. "అక్కా, రేపు నువ్వు ఆశ్రమానికి పోతవా?"

ఈసారి ఎముక నొప్పెట్టేంతగా వంచింది.

"ఏమైంది?" అన్నాడు బావ. చెప్పాను. నమ్మలేదు. అవతలి పక్కన కూర్చుని, తనూ తువ్వాలు కింద చేయి పెట్టి అదే అడిగాడు. ఆయన మొహం తెల్లబోయింది. చాలాసేపు చేయి తీయలేదు.

"వాళ్లకు ఫోన్ గొట్టు బామ్మర్దీ," అన్నాడు చివరికి. "వస్తలేమని చెప్పు."