ఎడమ చేతి అంగుస్తానా

మా ఆవిడ మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, కొలతలు చెప్పేస్తుంది. మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది గానీ అది అలంకారానికే. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి పొట్ట బిగబట్టి నిలబడితే, "ఊపిరి వదలండి బాబూ, తొడుక్కునేది మీరే కదా" అంటుంది. అందుకే వీధి వీధంతా ఆవిడని కొలతమ్మ అని పిలుస్తుంది. నేను కొలతమ్మ మొగుణ్ణి. ఆవిడ కుట్టినవాటికి బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టడం నా ఉద్యోగం. మా దుకాణానికి యజమాని ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పనిలో ఉన్నప్పుడు ఆవిడ బట్టల మీద ఒక పైచొక్కా వేసుకుంటుంది. తనే కుట్టుకుంది. దానికి బొత్తాలు వెనకవైపు ఉంటాయి, ముందుంటే బల్ల మీద పరిచిన పట్టుబట్టకి గీసుకుంటాయట. చేతులు వెనక్కి తిప్పి, నన్ను ఏదో ఒకటి అంటూనే, మెడ నుంచి నడుము దాకా అన్నీ చిటికెలో పెట్టేసుకునేది. ఆ చేతులకే కీళ్ళవాతం వచ్చింది.

మామూలు నొప్పులు కావు. పొద్దున్నే వేళ్ళు వాచి, బిగుసుకుపోయి, మధ్యాహ్నం దాకా విచ్చుకునేవి కావు. కత్తెర చేతిలో నిలిచేది కాదు. మాత్రలు కొన్నాళ్ళు పనిచేశాయి, తర్వాత మొరాయించాయి. ఒకరోజు పైచొక్కా తొడుక్కుని నా దగ్గరికొచ్చింది. ఏమీ అనకుండా వెనక్కి తిరిగి నిలబడింది. ఇంతమందికి బట్టలు కుట్టిన మనిషికి తన బొత్తాలు తాను పెట్టుకోలేకపోవడం ఎంత నామోషీయో ఆ వీపు చూస్తేనే అర్థమైంది. బొత్తాలు ముందుకి మార్చేద్దామా అన్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరో అడిగితే ఇస్త్రీపెట్టె ఆవిరి అని చెప్పాను.

అప్పుడు డాక్టరు ఇంజెక్షను రాశారు. చూడటానికి లావుపాటి పెన్నులా ఉంటుంది, రెండు వారాలకోసారి ఇంట్లోనే వేసుకోవాలి. మొదలుపెట్టే ముందు రక్తపరీక్షలు చేసి, ఛాతీ ఎక్స్‌రే తీసి, ఒంట్లో క్షయలాంటిదేదీ దాక్కుని లేదని తేల్చుకున్నారు. ఆస్పత్రిలో నర్సు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఒంటికి కాపలా కాయాల్సినవాళ్ళే దారి తప్పి సొంత కీళ్ళని కొడుతున్నారట. ఈ మందు వాళ్ళని కాస్త కూర్చోబెడుతుందట. కాపలా తగ్గితే దొంగలకి సందు దొరుకుతుంది కదా, అందుకని జ్వరమొచ్చినా, ఎక్కడైనా చీము పట్టినా ఇంజెక్షను ఆపి ముందు ఫోను చెయ్యమంది. ఈ మాట రెండుసార్లు చెప్పింది. మా ఆవిడ రెండుసార్లూ బుద్ధిగా తలూపింది.

ఆ బుద్ధి ఎంతసేపూ పనితనం వైపే. చెయ్యి తిరిగేదాకా ఆస్పత్రిలో నర్సు ముందే వేసుకోవాలన్నారు. గుచ్చిన చోటే మళ్ళీ గుచ్చకూడదన్నారని, రెండోసారి పొట్ట మీద సుద్దతో గళ్ళు గీసుకుని వెళ్ళింది, గుడ్డ కత్తిరించే ముందు గీసినట్టు. నర్సు నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. సుద్ద ఆ దరిదాపులకి రాకూడదని, చర్మం శుభ్రంగా తుడిచి ఆరనివ్వాలని, ఈసారి పొట్టయితే వచ్చేసారి తొడ అనుకుంటే సరిపోతుందని చెప్పింది. ఇంటికొచ్చేదాకా నేను నోరు మెదపలేదు. వచ్చాక, "అంచులకి ఎంత వదిలావు?" అని మాత్రం అడిగాను.

దానికి బదులు తీర్చుకునే అవకాశం ఆవిడకి నేనే చేజేతులా ఇచ్చాను. ఆ మందు ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టనివ్వకూడదు, వేసుకునే ముందు అరగంట బయట ఉంచాలి. పాపం చల్లగా గుచ్చుకుంటే నొప్పెడుతుందని, నేను పెన్ను తీసుకెళ్ళి అప్పుడే ఇస్త్రీ చేసిన దుప్పటి మడతలో పెట్టబోయాను. పెట్టబోయానంతే. ఆవిడ వెనకే ఉంది. దానంతట అది చల్లదనం వదలాలిగానీ వేడి తగలకూడదని చెప్పారా లేదా అంటూ నన్ను ఉతికి ఆరేసింది. అంతటితో ఊరుకుందా? వచ్చిన ప్రతివాళ్ళకీ, మా ఆయన మందుకి ఇస్త్రీ చేస్తారని చెప్పింది. వీధిలో తలెత్తుకోలేకపోయాను.

ఏమాటకామాటే, మందు పనిచేసింది. కొన్నాళ్ళకి దుకాణంలో మళ్ళీ కత్తెర చప్పుడు వినబడింది. పైచొక్కా బొత్తాలు తనే పెట్టుకుంది. నాకు ఆ ఉద్యోగం ఊడింది.

ఇంజెక్షను వేసుకోవాల్సిన ఒకరోజు ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. మా ఆవిడ వేలికి అంగుస్తానా ఉంది. చేత్తో కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా తొడుక్కునే ఇత్తడి తొడుగు అది. తీయడం మరిచిపోయిందేమో అనుకుని ముద్ద కలుపుకున్నాను. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. సూదిని నెట్టేది కుడి చేతి నడిమివేలు. పెళ్ళైన నాటి నుంచీ ఆ అంగుస్తానాని ఆ వేలికే చూస్తున్నాను. ఇప్పుడది ఎడమ చేతి చూపుడువేలికి ఉంది.

"ఆ వేలు చూపించు" అన్నాను.

"ఏ వేలు?"

"టోపీ పెట్టుకుని అన్నానికి కూర్చున్నది."

మాట మార్చాలని చూసింది, కూరలో ఉప్పు తక్కువైందంది. నేను కదల్లేదు. చివరికి తీసింది. సూది గుచ్చుకున్న చోట వేలి కొస ఎర్రగా ఉబ్బి, గోరు పక్కన పసుపుపచ్చగా చీము పట్టి ఉంది. లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపుకి వీపు ఆనించి నిలబడి ఫోను తీశాను. మందుకి ఇస్త్రీ చేసేవాణ్ణి నేనేగా, ఇవాళ నాకూ ఒక రోజొచ్చింది అందామనుకున్నాను. ఆవిడ మొహం చూశాక అనలేకపోయాను.

"ఈసారి ఇంజెక్షను తప్పితే వేళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయండీ" అంది. "మళ్ళీ మీ ముందుకొచ్చి వీపు తిప్పుకుని నిలబడాలి. నావల్ల కాదు."

"నీ బొత్తాలు పెట్టడం నాకేం బరువే?" అన్నాను. "నాకు నువ్వుండాలి. చొక్కా ఎలా ఉంటే ఏం?"

అవతల నర్సు ఫోనెత్తింది. వెంటనే తీసుకురమ్మంది. డాక్టరు వేలికి చిన్న గాటు పెట్టి చీము తీశారు, మాత్రలు రాశారు, పుండు మాని తాము చెప్పేదాకా ఇంజెక్షను ముట్టుకోవద్దన్నారు. ఇంకా ఆలస్యం చేసి, పైగా ఆ మందు కూడా వేసుకుని ఉంటే, విషం చేతిలోకి పాకేదన్నారు. మా ఆవిడ నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఆ మనిషి నేల చూపులు చూడటం నేనెప్పుడూ చూడలేదు. నాకేమీ సంతోషంగా లేదు.

పుండు మానుతుండగానే వేళ్ళు మళ్ళీ మొండికేశాయి. ఒకరోజు పొద్దున్నే పైచొక్కా తొడుక్కుని వచ్చి, వెనక్కి తిరిగి నిలబడింది. మెడ దగ్గర నుంచి మొదలుపెట్టాను. నడుము దగ్గరికొచ్చేసరికి కావాలనే ఒక బొత్తం పక్క కాజాలో దూర్చాను.

"తప్పు కాజాలో పెట్టారు" అంది, తల తిప్పకుండా. ఆ వీపు కదలడం చూసి ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

వేలు పూర్తిగా మానాక డాక్టరు సరేనన్నారు, ఇంజెక్షను మళ్ళీ మొదలైంది. ఇప్పుడు వేలికి చిన్న గీత పడినా నా ముందుకి తెచ్చి చూపిస్తుంది, తీరిగ్గా చూసేదాకా వదలదు. కత్తెర చప్పుడు తిరిగొచ్చింది. దారం ఒక్క గురికే సూదిలోకి ఎక్కిస్తోంది.

అయినా అప్పుడప్పుడూ పొద్దున్నే పైచొక్కా తొడుక్కుని వచ్చి నా ముందు వెనక్కి తిరిగి నిలబడుతుంది. వేళ్ళు బాగానే ఉన్నాయిగా అని నేను అడగను. ఒక బొత్తం మాత్రం తప్పు కాజాలో పెడతాను.