గోనె పక్కనుంచి పరుగు

ఆట ఆడితే జీతమిస్తారంటే నేను నమ్మలేదు. కోరాపుట్ కొండల్లో ఆనకట్ట కడుతున్న రోజులవి. మా ఆయన రాళ్ళు కొట్టేవాడు, నేను తట్టలు మోసేదాన్ని. పని ఆఖరికొచ్చింది, కూలీలందర్నీ పంపేస్తారని అనుకుంటున్నారు. పంపేస్తే గుణుపురంలో మా బావగారి పంచన చేరి, తోటికోడలి చేత మాటలు పడాలి. దానికంటే ఏట్లో దూకడం నయం అనిపించేది నాకు.

అలాంటప్పుడు ఓ సాయంత్రం మా ఆయనొచ్చి, "ఒసే, దొర నన్ను బంతాటకి రమ్మన్నాడు. గెలిస్తే పెర్మనెంటు సేస్తాడట" అన్నాడు.

"ఏటీ, బంతాటకి జీతమా? కల్లు గానీ తాగేవా?" అన్నాను.

తాగలేదు. యంత్రాలు బిగించడానికొచ్చిన దొరలు తమ దేశపు ఆట, బేస్‌బాల్, ఆడుకునేవారు. వేరే పనిచోటునుంచి ఇంకో దేశం దొరలు పోటీకొస్తున్నారు. మావాళ్ళకి మనుషులు చాలక, సమ్మెట ఎత్తేవాడి చేతిలో దెబ్బుంటుందని మా ఆయన్ని కలుపుకున్నారు. గెలిస్తే జట్టుని జీతాలమీద నిలబెట్టి, పట్నాలకి తీసుకెళ్ళి పరదేశం జట్లతో ఆడిస్తారట. అలాంటి కొలువు మా ఇంటా వంటా ఎవరెరుగుదురు?

ఆట చూస్తే ఏమీ లేదు. కర్రతో బంతిని కొట్టి, కర్ర పారేసి, మూడు మూలలూ తొక్కుకుంటూ బయల్దేరిన చోటికి రావాలి, అదొక చుట్టు. రోజూ మూలల్లో పలకరాళ్ళు పెట్టుకుని నేర్చుకున్నారు. పోటీనాడు మాత్రం దర్జాగా ఉండాలని ఆ రాళ్ళ బదులు గోనెసంచులు కుట్టి పరిచేరు.

ఆఖరి వంతు మా ఆయనకొచ్చింది. మావాళ్ళు అప్పటికి ఒక్క చుట్టు వెనకబడున్నారు. ఒక మూలన మా దొర ఒకడు కాచుకుని ఉన్నాడు. ఆయనా ఈయనా ఇద్దరూ తిరిగొస్తే గెలుపే.

కొట్టేడు. బంతి ఎక్కడో తుప్పల్లో పడింది. దొర వచ్చేసేడు, వెనకే మా ఆయనా వచ్చేసేడు. నేను సిగ్గూ శరమూ లేకుండా గెంతేను. ఇంక మా బావగారి గుమ్మం తొక్కక్కర్లేదనుకున్నాను.

ఈలోగా అవతలివాళ్ళు బంతి తెచ్చి, తాపీగా మొదటి గోనెమీద పెట్టేరు. తీర్పరి దొర చెయ్యెత్తేడు. ఔటట, దొర తిరిగొచ్చిన చుట్టూ చెల్లదట, ఆట పోయింది. మా ఆయన ఒక్క గోనెమీదా కాలు వెయ్యలేదట. కళ్ళంలో ధాన్యం రాశిని తప్పించుకుని నడిచినట్టు, మూడింటికీ పక్కనుంచే పరిగెట్టేడట.

జనం వెళ్ళిపోయేక నిలదీసేను. "నీకేటైంది? కళ్ళు కనబడ్నేదా?"

"వడ్లు పోసిన గోనెలే అవి. ఎలా తొక్కుతాను?"

"ఇప్పుడు అందులో ఉన్నది ఇసక."

"తెలుసే. పొద్దున్న నేనే నింపేను. కాలు పడ్నేదు."

నాకు దిమ్మ తిరిగిపోయింది. తెలిసి తెలిసి నోటికాడి కూడు నేలపాలు చేసుకుంటాడా మనిషి? కోపం నషాళానికెక్కింది. "ఇసక తొక్కడానికేటి భయం? ఇలా తొక్కాల" అని ఆ గోనెమీదకి కాలెత్తేను.

గోనె అల్లికలో నాలుగు వడ్లగింజలు ఇరుక్కుని ఉన్నాయి. ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది. బలవంతాన దింపేను. పక్కన నేలమీద దిగింది.

మా ఆయన నావైపు చూడలేదు.

"పద, మూటలు కట్టుకుందాం" అన్నాను.