ఎన్ని రోజులో రాయని చీటీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వాదన మొదలైనా ఆఖరి మాట నాదే అయ్యేది. నా నోరు ఇప్పటికీ తగ్గలేదనే అంటారు అందరూ. అలాంటిది ఒక్క ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆఖరి మాట నాది కాలేదు. అది గుర్తొస్తే ఈనాటికీ కూర్చున్నచోట కుదురుగా ఉండలేను. లేచి అటూ ఇటూ తిరుగుతాను.

మేం కోస్తా నుంచి వచ్చి బళ్ళారి జిల్లా కురుగోడు దగ్గర కాలువ కింద వరి వేసుకుంటున్నవాళ్ళం. మా ఊరిని అందరూ క్యాంపు అనేవారు. నాట్లు వేసీ వేసీ మా నాయనమ్మ మోకాళ్ళు పట్టేశాయి. బళ్ళారిలో ఒక డాక్టరు మాత్రలు రాసిస్తే మూడో రోజుకే ఆవిడ మళ్ళీ పొలంలో దిగింది. ఇంకేముంది, ఆ చీటీ దేవుడి పటం వెనక్కి చేరింది. క్యాంపులో అందరిదీ అదే పద్ధతి. గుణమిచ్చిన చీటీని ఎవరూ పారేయరు. నొప్పి వచ్చినప్పుడల్లా అదే పట్టుకెళ్ళి మందు తెచ్చుకోవడమే. మా ఇంట్లో తెచ్చే పని నాది. బడికి పక్కనే మందుల షాపు. కొన్నాళ్ళకి షాపతను చీటీ విప్పి చూడటం కూడా మానేశాడు.

నాట్లప్పుడు మొదలైన మాత్రలు కోతల దాకా సాగాయి. కోతలయ్యేసరికి నాయనమ్మ కాళ్ళు వాచాయి, తర్వాత ముఖం వాచింది. పెద్దాసుపత్రిలో కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. మందుల వల్లేనా అని నాన్న అడిగితే, అయ్యుండొచ్చు అన్నారట. నాన్న చెవికి మాత్రం ‘అయ్యింది’ అనే వినిపించింది.

పక్కింటి అక్క బళ్ళారిలో ఒక వకీలు దగ్గర టైపు చేసేది. ఆ ఆదివారం చర్చి నుంచి వస్తున్న ఆమెను నాన్న దారిలోనే ఆపాడు.

“ఆ డాక్టర్ని కోర్టుకి ఈడుస్తానమ్మా. మా అమ్మని మంచాన పడేశాడు.”

“ఈడుద్దువులే అన్నా. ముందు చీటీ తీయి. సుమ్నే, ఊరికే అరిస్తే జడ్జి వింటాడా?”

ఆమె వచ్చి మా వరండాలో కూర్చుంది. చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగును నల్లకోటులా భుజాల చుట్టూ కప్పుకుంది. “ఇప్పుడు నేను ఆ డాక్టరు పక్క వకీలును. సాక్షి ఎవరు?” అంది. నేను ఎగిరి ముందుకొచ్చాను. వాదనంటే నాకు పండగ కదా.

“మందు ఎవరు తెస్తాండ్రి పాపా?”

“నేనే!”

“ఎన్ని తూర్లు తెస్తివి?”

లెక్క నాకు తెలుసు. నిజం చెబితే డాక్టరు తప్పించుకుంటాడు. నాన్న కేసు పోతుంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. నాయనమ్మకు జబ్బు తెచ్చింది నా చేతులేనని అందరికీ తెలిసిపోతుంది.

“ఒక్కసారే,” అన్నాను.

అక్క కోప్పడలేదు. ప్రహరీ మీదుగా తన గుమ్మం వైపు చూసింది. క్రిస్మస్‌కి కట్టిన నక్షత్రం ఇంకా అక్కడే వేలాడుతోంది, ఎండకి తళతళా మెరుస్తోంది.

“మా నక్షత్రానికి అన్ని వెండి రేకులు ఎవరిచ్చిరి పాపా?”

ఖాళీ అయిన మాత్రల రేకులన్నీ దాచి, డబ్బాడు తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. నేను వెక్కివెక్కి ఏడ్చాను. నాన్న నా మీదికి లేచాడు.

“కూర్చో అన్నా. ఈ అబద్ధం ఆడ కోర్టులో బయటపడింటే నీ కేసు ఆడనే సచ్చిపోతాండె. ఈడ పడింది, మంచిదే. ఇప్పుడు ఈ చీటీ చూడు. దినానికి రెండు అని రాసినాడు. ఎన్ని దినాలో రాయలేదు. ఎప్పుడు నిలపాలో చెప్పలేదు. షాపాయప్ప అడగలేదు. మీరూ అడగలేదు.”

“నా మోకాళ్ళు అడిగాయిలే, ఇంకా కావాలని,” అంది నాయనమ్మ మంచం మీంచి. “దాన్నేమీ అనకండి. పంపింది నేను.”

వకీలు పేరున డాక్టరుకి పంపిన నోటీసులో అక్క మా తప్పు కూడా దాచకుండా టైపు చేసింది. మళ్ళీ వచ్చి చూపించుకోలేదు కాబట్టి బాధ్యత తనది కాదని డాక్టరు జవాబిచ్చాడు. రమ్మని ఎక్కడ రాశారని అక్క తిరిగి అడిగింది. ఆ ప్రశ్న కోర్టుకెక్కి వాయిదాల మీద వాయిదాలు తిరుగుతుండగానే నాయనమ్మ పోయింది. నాన్న కోర్టు మెట్లెక్కడం మానేశాడు.

తప్పెవరిదో ఎవరూ తేల్చలేదు. నాలో నేను ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాను. ఒకరోజు డాక్టరుది అంటాను, ఒకరోజు షాపతనిది అంటాను. ఇంకోరోజు, డబ్బాలో వెండి రేకులు దాచుకున్న ఆ పిల్లను బోనెక్కిస్తాను. ఏ రోజూ గెలవలేదు.

అందుకే ఏ డాక్టరు చీటీ చేతికిచ్చినా నేను కుర్చీలోంచి లేవను. ఎన్ని రోజులు వాడాలి, ఎప్పుడు ఆపాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, అన్నీ రాసివ్వమంటాను. వెనక క్యూలో జనం సణుగుతారు. మొన్న ఒక కుర్ర డాక్టరు విసుగ్గా పెన్ను కింద పెట్టి, “మీరేమైనా లాయరా అమ్మా?” అన్నాడు.

“కాదు బాబూ, సాక్షిని. రాయి,” అన్నాను.