మీడియాదే రాజ్యం

ప్రాచీన ఇరాన్‌లో మీడియా అని ఒక రాజ్యం ఉండేది. ఈ ఒక్క మాట తిరుపతిలో ఎంతమందికి చెప్పానో! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. పోయిన ఏడాది మా గ్రూపులో చేరేవాళ్లే కరువయ్యారు. ఈసారీ ఇంతే అయితే మూసేస్తామన్నారు ప్రిన్సిపాల్. పిల్లల్ని రప్పించడానికి ఒక ఉపన్యాసం ఇవ్వమన్నారు. నాకు ప్రాణమైన విషయమే ఎంచుకున్నాను, 'మీడియా విస్తరణ'. కొండల్లో గుర్రాలు మేపుకునే తెగలు ఒక్కటై, పర్షియన్లను లోబరుచుకుని, బాబిలోన్‌తో చేయి కలిపి అస్సీరియాను కూలదోసి, పడమట ఇప్పటి టర్కీలోని హాలిస్ నది దాకా పాకిన కథ అది.

ఆ రోజు గేటు మీద ఫ్లెక్సీ చూసి ఒళ్లు మండిపోయింది. మైకు, కెమెరా, నవ్వుతూ వార్తలు చదివే అమ్మాయి! ఫ్లెక్సీ కొట్టాయనకు ఫోన్ చేసి కడిగేశాను.

"మీడియా అనే కదా మేడమ్ రాసిచ్చినారు? దాంట్లో గుర్రాలు యాడుండాయి?" అన్నాడు.

హాలు మాత్రం కిటకిటలాడింది. చంద్రగిరి, వడమాలపేట విలేకరులు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. నేను పటం వేలాడదీసి అస్సీరియా దాకా వచ్చానో లేదో, వాళ్లలో ఒకాయన లేచి, "గవర్నమెంటు ఇచ్చే మా అక్రిడిటేషన్ కార్డుల సంగతి ఎప్పుడు చెప్తారు మేడమ్?" అన్నాడు.

"రాజ్యమయ్యా! మీడియా అంటే రాజ్యం!" అని అరిచాను.

"అట్ల చెప్పండి మేడమ్! ఇప్పుడంతా మీడియాదే రాజ్యం!" అన్నాడాయన. హాలంతా చప్పట్లు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ వారంలోనే గ్రూపు నిండిపోయింది. అసలు సంగతి పిల్లలకు చెబుదామంటే, "నువ్వింక నోరు మెదపొద్దమ్మా, గ్రూపు నిలబడిందా లేదా?" అన్నారు ప్రిన్సిపాల్. సరే, ఆయన మాటే విందామనుకున్నాను.

మొదటి క్లాసులో ముందు బెంచీ మీద కూర్చున్న పలమనేరు అమ్మాయి లేచింది. "మైకు ఎప్పుడిస్తారు మేడమ్? టీవీలో కనపడతానని మా నాయనకు చెప్పొచ్చినా."

ఇంకా వేరే గ్రూపుకు మారే గడువుంది. ఊరుకుంటే నా గ్రూపు బతుకుతుంది, ఆ పిల్ల చదువు చెడుతుంది. నా ఖర్మ అనుకుని, "మైకు లేదమ్మా. ఇక్కడ చెప్పేది చరిత్ర. ఆ మీడియా ఇరాన్‌లో ఒక పాత రాజ్యం," అన్నాను.

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ మాట ముందే చెప్పుంటే బాగుండు గదా మేడమ్!"

నేను మొదటినుంచీ చెప్పిందల్లా ఆ మాటే కదా! సాయంత్రానికి నా క్లాసు ఖాళీ అయింది.