పోర్టెంటస్ కోసం వదిలిన ఖాళీ

నాకు ఇంగ్లీషు బాగా వచ్చని చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు మొహమాటం లేదు. ఉప్పల్ బడిలో తెలుగు మీడియం, లాలాపేట్‌లో టైపు, షార్ట్‌హ్యాండు. అంతే నా చదువు. డెబ్బైల మొదట్లో నాచారంలోని ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. "పర్మినెంట్ అయితెనే పో, లేకుంటె ఇంట్ల కూసో" అని మా నాయిన ముందే తేల్చేశాడు.

మా మేనేజరుకు బరువైన మాటలంటే ప్రాణం. మేకుల ఆర్డరుకు కూడా రాజాజ్ఞలా ఉత్తరం చెప్పి రాయించేవాడు. నా ఐదో నెలలో కొత్త షెడ్డు ప్రారంభోత్సవానికి ఆహ్వానం చెబుతూ, "ఈ పోర్టెంటస్ సందర్భానికి తమరు దయచేయాలి" అని ఇంగ్లీషులో అన్నాడు. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. సీటుకొచ్చి డిక్షనరీ తీశాను. ఏదో కీడు రాబోతోందని అనిపించేది, అని ఉంది. దాని కింద, లేని గొప్పతనం ప్రదర్శించేది, అని కూడా ఉంది. యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి పనివాళ్లు మాట్లాడకుండా నిలబడితే, ఆ నిశ్శబ్దానికి ఈ మాట వాడొచ్చు. రెండో అర్థం మా మేనేజరుకు కొలిచి కుట్టినట్టుంది గానీ, శుభమా అని జనాన్ని పిలిచే కార్డుకు రెండూ పనికిరావు.

చెప్పింది చెప్పినట్టు కొట్టడమే టైపిస్టు పని. నోరు విప్పితే ఉద్యోగం పోతుందని భయమేసింది. అయినా మనసొప్పలేదు. ఆ మాట ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, కాగితం, డిక్షనరీ పట్టుకుని లోపలికి వెళ్లాను.

"ఇక్కడ మాట ఏది?" అన్నాడు.

"సార్, గా మాట పెడితె కీడు జరగబోతున్నది, రాండ్రి అని పిలిచినట్టుంటది. జర గీ పేజీ సూడున్రి."

"ఉప్పల్ నుంచి వచ్చి నాకు ఇంగ్లీషు నేర్పుతావా?"

"నేర్పుతలేను సార్. నలుగురు నవ్వొద్దని చెప్తున్న."

చాలాసేపు చదివాడు. పెన్ను తీసి ఖాళీలో 'హ్యాపీ' అని రాసి, కాగితం నా వైపు తోశాడు. ఇక ఇంట్లో కూర్చోవడమే అనుకున్నాను.

నెల తర్వాత పిలిచి ఓ ఉత్తరం చెప్పడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికి అర్థమైంది, నన్ను పర్మినెంట్ చేయమని హెడ్డాఫీసుకు రాయిస్తున్నాడని. "ఈ అమ్మాయి సేవలు మాకు..." అని మధ్యలో ఆగి, "ఇక్కడ ఏ మాట బాగుంటుందమ్మా?" అని అడిగాడు.

నేనేమీ సిగ్గుపడలేదు.

"ఇండిస్పెన్సబుల్, సార్. అంటే, లేకుంటె నడవదని."

డిక్షనరీ అడగలేదు. అదే వేయమన్నాడు.