పంటి ఎక్స్‌రే పట్టించిన సంగతి

పన్ను నొప్పి అంటే ఈ రోజు అత్తయ్యగారిని రాజమండ్రి తీసుకెళ్లాను. డాక్టరుగారు దవడ ఎక్స్‌రే చూసి, కింది ఎముక అంచు బాగా పల్చబడిందని, మిగతా ఎముకలూ గుల్లబారుతున్నాయేమో స్కాన్ చేయించమని అన్నారు.

“ఈ మధ్య ఎక్కడైనా పడ్డారాండీ?” అని అడిగారు.

“అబ్బే, పడలేదండి. బాత్రూంలో జారి కూర్చుండిపోయానంతే,” అన్నారు అత్తయ్యగారు.

“ఎప్పుడు? నాకు చెప్పలేదేంటండీ?”

“చెబితే నన్ను మంచం దిగనిస్తావేంటి?”

డాక్టరుగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒకే ఇంట్లో ఉంటూ నేనేం చూస్తున్నట్టు? స్కాన్ సోమవారం. ఇప్పుడు ఆవిడ స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లూ ఇలాగే ‘పడకుండా’ జారి కూర్చుండిపోతున్నారేమో? ఈ పూటే అడగండి.