పెళ్ళికార్డు మందం

ఆదోనిలో కారున్న ఇల్లంటే దారిన పోయేవాళ్ళు ఒక క్షణం ఆగి చూసిపోయే కాలం అది. ఆ కాలంలో కొత్తగా కాపురానికి వచ్చిన ఆడపిల్లలకు అత్తగారంటే భయం, ఆడపడుచంటే భయం. నా అదృష్టం కొద్దీ మా అత్తగారు బంగారం, ఆడపడుచులు అసలే లేరు. నాకు రాసిపెట్టిన కష్టమల్లా వాకిట్లో నాలుగు చక్రాల మీద నిలబడి ఉండేది. పత్తి కొనుగోలుకు ఊళ్ళు తిరగడానికి మా ఆయన పెళ్ళికి ముందే ఒక సేటు దగ్గర కొన్న పాత అంబాసిడర్ అది. (నాకంటే ముందొచ్చింది కాబట్టి అదే పెద్ద భార్య అని మొదటి వారంలోనే అర్థమైపోయింది.) దానికి సవతి అని పేరు పెట్టాను. మనసులో కాదు, పైకే.

ఆదివారం వస్తే చాలు, ఆయన బానెట్ ఎత్తి అందులో తల దూర్చేవారు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, లోపలి పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, ఊది, తుడిచి మురిసిపోయేవారు. పాయింట్లంటే రెండు చిన్న లోహపు బుడిపెలు. అవి సరిగ్గా ఉండవలసినంత సందుతో విడిపోతేనే నిప్పురవ్వ పుట్టి ఇంజను అందుకుంటుందట. "నా తల్లీ, నిన్న ఆస్పరి రోడ్డు గుంతల్లో బాగా అలిసిపోయినావు గదా" అని దాన్ని బుజ్జగించేవారు. ఆ గుంతల్లో నేనూ ఉన్నాను, నడుము పట్టేసింది కూడా. నన్నెవరూ అడగలేదు. ఒకరోజు కొత్త చీర కట్టుకుని కాఫీ తెచ్చి పక్కన నిలబడితే, "ఆడ పెట్టి పోమ్మే, వెలుతురుకు అడ్డం వస్తాండావు" అన్నారు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

అంతటితో పోయినా బాగుండేది. ఆ సందు కొలవడానికి మిస్త్రీల దగ్గర సన్నటి ఇనుప రేకు ఉంటుంది. ఈయన తన రేకును ఎక్కడో పారేసుకుని, మా పెళ్ళికార్డు అట్ట సరిగ్గా అంత మందమే ఉందని కనిపెట్టారు. మా మామగారు గొప్పకు పోయి మందపాటి అట్ట మీద బంగారు అక్షరాలతో బోలెడు కార్డులు వేయించారు, సగం మిగిలిపోయాయి. ఆ కట్ట కారు అరలో కనబడ్డ రోజు, మా పెళ్ళిని ఈయన ఊరూరా వెంటబెట్టుకుని తిరుగుతున్నారనుకుని కరిగిపోయి, ఆ పూట ఓళిగలు చేసి పెట్టాను. ఆ ఆదివారం చూస్తే కార్డును కత్తెరతో పీలికలు చేసి సవతి నోట్లో పెడుతున్నారు! ముక్క నూనె పీల్చి ఉబ్బితే పారేసి ఇంకొకటి. కట్ట కరిగిపోతుంటే చూడలేక, ఆఖరి కార్డు తీసి నా చేతిసంచి అడుగున దాచుకున్నాను.

ఇంతలో ఎమ్మిగనూరులో మా చెల్లెలి పెళ్ళి. తలంబ్రాల వేళకు నేను పక్కన లేకపోతే పీటల మీద కూర్చునేదే లేదని అది ముందే బెదిరించింది. బస్సులో పోదామంటే ఈయన నొచ్చుకున్నారు. సగం దారిలో, రెండు పక్కలా నల్లరేగడి చేలు తప్ప నరమానవుడు కనబడని చోట, సవతి దగ్గి దగ్గి ఆగిపోయింది. (కావాలనే చేసిందని నాకు ఈ రోజుకీ అనుమానం.) వచ్చిన ఒక్క బస్సూ పెళ్ళిజనంతో కిక్కిరిసి, చెయ్యెత్తినా ఆగలేదు.

మూత విప్పి చూశారు. "స్క్రూ వదులయి సందు మూసుకపోయింది మే. కార్డు ముక్క ఒకటుంటే నిమిషం పని."

"యాడుంది కార్డు? అన్నీ దానికే తినబెడితిరి గదా!"

చెల్లెలి పెళ్ళికార్డు ఇచ్చాను. చిన్నకూతురి పెళ్ళికి మా నాన్న చెయ్యి బిగబట్టి పల్చటి కాగితం మీద వేయించాడు. మడతపెట్టి దూరిస్తే మడత ఉబ్బింది. పైగా కార్డు మూలకు పూసిన పసుపు పాయింట్లకు అంటుకుంది. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాను. సవతి ఉలకలేదు, పలకలేదు.

"పసుపు పూస్తిరి, బొట్టు గూడా పెట్టండి. పెద్ద ముత్తైదువ లెక్కన పెండ్లికి పిల్సుకోని పోదాం!"

ఆయన నవ్వలేదు. రుమాలుతో పసుపు తుడుస్తూ, "నీ చెల్లెలు ఎదురుసూస్తాంటాది మే" అన్నారు మెల్లగా. ఆ మాటతో నా కోపం నీరుగారిపోయింది. సంచి అడుగున దాచిన కార్డు ఇస్తే మా పెళ్ళికి మిగిలిన ఒక్క ఆనవాలూ సవతి పాలవుతుంది. ఇవ్వకపోతే అక్కడ చెల్లెలు పీటల దగ్గర వాకిలి వైపు చూస్తూ ఉంటుంది.

తీసి ఇచ్చాను. ఆయన కార్డునూ నన్నూ మార్చి మార్చి చూశారు. "దాసిపెట్టుకున్నెవా?" అన్నారు. కత్తెర తీసి, కొయ్యకుండా ఆగి, "ఏ తట్టు కోసేది?" అని అడిగారు. బండి విషయంలో నన్నొక మాట అడగడం అదే మొదలు.

"మీ పేరు తట్టే కోసుకోండి. నా పేరు ముట్టుకుంటే ఊరుకోను."

ఆయన పేరులో చివరి సగమున్న ముక్క పాయింట్ల మధ్యకు దూరింది, స్క్రూ బిగిసింది, ముక్క బయటికొచ్చింది. ఒక్క తిప్పుకే సవతి గురగురమంది. తలంబ్రాలకు అందుకున్నాం. చెల్లెలి పెళ్ళి ఫోటోలో దాని పక్కన నిలబడి ఉంది నేనే, చీర మీద నూనె మరకతో.

కొన్నేళ్ళకు ఆస్పరి రైతొకాయన సవతిని కొనుక్కున్నాడు. తాళంచెవితో పాటు, అన్నేళ్ళూ నూనె అంటకుండా దాచుకున్న ఆ ముక్కను కూడా అతని చేతిలో పెట్టి, "దీంతోనే కొలుసుకోప్పా, వేరేది దానికి సరిపోదు" అని చెప్పారు మా ఆయన. బండి వీధి మలుపు తిరిగేదాకా ఆయన దాన్నే చూశారు, నేను ఆయన్ను చూశాను.

మిగిలిన కార్డు నా బీరువాలో ఉంది. మొన్న మనవరాలు బయటికి తీసి, "అవ్వా, నీ పేరు నిండుగా ఉంది, తాత పేరు సగమే ఉందేమి?" అని అడిగింది.

"తక్కిన సగం మీ పెద్దవ్వ తీసకపాయె లే" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, ఇన్నేళ్ళకూ ఎక్కడో కొంచెం మండింది.